ఖాళీ ఉంటేనే

సెప్టెంబరు ముప్పై, మంగళవారం. ఆ పొద్దున్న మేము తిన్నది కాల్చిన రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, తలా ఒక అరటిపండు. రొట్టె కాల్చింది నేను కాబట్టి ఒక పక్క మాడింది. మా అత్తగారు మాడిన పక్కను చాకుతో గీకి, "పరవాలేదు నాయనా, రెండో పక్క బాగానే ఉంది," అన్నారు. ప్రయాణం ఉన్న రోజున ఆవిడ కడుపు నిండా తింటారు. వెనక్కి తిరిగి రావలసి వచ్చినా నీరసం రాకూడదని.

విమానం ఎక్కడానికి వెళ్ళి వెనక్కి తిరిగి రావడం ఆవిడకు అలవాటే. నా భార్యా నేనూ ఇద్దరం దేశపు ప్రభుత్వ విమానసంస్థలో పనిచేశాం. తను టికెట్ల కౌంటర్లో, నేను వెనకగదిలో విమానం బరువు లెక్కగట్టే లోడ్ కంట్రోల్లో. ఉద్యోగులకూ వాళ్ళ తల్లిదండ్రులకూ కంపెనీ ఉచితంగా పాసులిచ్చేది. ఉచితమంటే పూర్తిగా ఉచితమే, కాని సీటు ఖాళీ ఉంటేనే. డబ్బిచ్చి కొన్నవాళ్ళందరూ ఎక్కాక, వాళ్ళ సామానెక్కాక, టపా, సరుకు ఎక్కాక, ఇంకా చోటు మిగిలితే మనం. మాలో మేము దాన్ని ఖాళీ టికెట్ అనుకునేవాళ్ళం. కంపెనీ వాళ్ళ పిల్లల్ని ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఇస్త్రీ బట్టలేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, కౌంటరుకు కాస్త దూరంగా గోడవారగా నిలబడి, ఎవరినీ ఏమీ అడగకుండా ఎదురుచూస్తుంటారు. అడగకూడదన్నది మా ఇళ్ళల్లో అక్షరాలకంటే ముందు నేర్పే పాఠం.

మా అత్తగారు అలా మూడుసార్లు ఎదురుచూశారు. మొదటిసారి ఓ పెళ్ళివారు విమానమంతా నిండిపోయారు. రెండోసారి తుపాను. మూడోసారి సీటు దొరికింది, కూర్చున్నారు, బెల్టు కూడా పెట్టుకున్నారు. అంతలో వేరే ఊరినుంచి ఆలస్యంగా దిగిన ఒకాయన, డబ్బు కట్టినాయన, పరుగెత్తుకుంటూ వచ్చాడు. కౌంటర్లో ఉన్నది నా భార్యే. తనే విమానమెక్కి, తల్లి చెయ్యి పట్టుకుని దింపి తీసుకొచ్చింది. తల్లీకూతుళ్ళు వారం రోజులు మాట్లాడుకోలేదు. ఆ తరువాత మా అత్తగారు ఎవరింటికి వెళ్ళినా ఈ కథే చెప్పేవారు. "కన్నకూతురే రెక్క పట్టుకుని దించేసిందమ్మా," అని మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి, "అంత నిజాయితీ ఏం చేసుకోను," అంటూ గర్వంగా చుట్టూ చూసేవారు.

నా భార్య పోయి రెండేళ్ళు దాటింది. ఉద్యోగి పోయినా తల్లికి పాసు ఆపకూడదని ఏనాటిదో ఒక నియమం ఉంది. ఎవరు రాశారో తెలియదు. ఆ మనిషికి కూడా ఒక తల్లి ఉండి ఉంటుంది. ఆ నియమానికి కూడా ఆ రోజే ఆఖరు. ప్రభుత్వం కంపెనీని అమ్మేసింది. అక్టోబరు ఒకటి నుంచి కొత్త యజమానులు, కొత్త పేరు, తోకమీద జెండా బదులు వాళ్ళ గుర్తు. పాత పాసులు చెల్లవు.

"టికెట్ కొంటానత్తయ్యగారూ, రేపో ఎల్లుండో తాపీగా వెళ్దాం," అని నెల్లాళ్ళుగా అంటూనే ఉన్నాను.

"కొంటే ఎవరైనా ఎక్కుతారు. నా పిల్ల కాళ్ళు వాచేలా నిలబడి సంపాదించిన సీటది. ఒక్కసారైనా అందులో కూర్చోకుండా కంపెనీ ఎత్తేస్తే, అది ఎవరికోసం నిలబడినట్టు?"

అందుకని ఆ మధ్యాహ్నం ఆవిడ చిన్నకూతురు, మా మరదలుండే ఊరికి వెళ్ళే విమానానికి ఇద్దరం పేర్లిచ్చాం. ఆ ఊరికి ఆవిడ నాతో ఏడాదికి రెండుసార్లు రైల్లో వెళ్తూనే ఉంటారు. ఊరు కొత్తదేమీ కాదు.

విమానాశ్రయంలో పనివాళ్ళు నిచ్చెనలేసుకుని గోడమీది ఫొటోలు దింపుతున్నారు. కంపెనీ చరిత్రంతా ఆ గోడమీదే ఉండేది. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలేసిన రెండు పాత విమానాలతో మొదలైంది మా సంస్థ. మొదట్లో ఉత్తరాల మూటలూ కోడిపిల్లల పెట్టెలూ మోశాయట. మిగిలిన చోటులో మనుషులు. తరువాత పెద్ద విమానాలొచ్చాయి, సముద్రాలు దాటాయి. ఎక్కడో యుద్ధం వచ్చి మనవాళ్ళు ఇరుక్కుపోతే రాత్రింబవళ్ళు తిరిగి వాళ్ళను ఇళ్ళకు చేర్చింది ఆ విమానాలే. ఆ పైన ప్రతి మంత్రీ తన ఊరికో విమానం వేయించుకున్నాడు. ఎక్కేవాళ్ళు లేకపోయినా అవి ఎగురుతూనే ఉండేవి. నష్టాలు ఎలా వచ్చాయని జనం ఆశ్చర్యపోతుంటారు గాని, లోపల పనిచేసిన మాకు అంత ఆశ్చర్యమేమీ వేయలేదు.

"బాబూ, ఆ అద్దం జాగ్రత్త," అన్నారు మా అత్తగారు నిచ్చెన కింద నిలబడి.

"ఎక్కడికి పోతాయిలెండి పెద్దమ్మగారూ, గోడౌనుకేగా."

"గోడౌనుకైనా పగలకుండా పోవాలి కదయ్యా."

అతను నవ్వి, రెండో చేతితో కూడా పట్టుకున్నాడు.

కౌంటర్లో ఉన్న పొడుగమ్మాయి నా భార్య దగ్గర పని నేర్చుకున్న పిల్ల. మమ్మల్ని చూసి మొహం విప్పారింది. అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, "సగం విమానం ఖాళీ సార్. ఆఖరి రోజని ఎవరూ కొన్నట్టు లేరు. మామ్మగారూ, ఇవాళ మిమ్మల్ని ఆపేవాడు లేడు," అంది.

"ఇంతకుముందూ ఇలాగే అన్నారు తల్లీ," అన్నారు మా అత్తగారు. కాని ఆవిడ చేతిసంచి సర్దుకున్న తీరు చూస్తే నమ్మారని తెలిసిపోయింది. గోడవారగా కుర్చీల్లో కూర్చున్నాం. ఆవిడ కొత్త చెప్పులు వేసుకున్నారు. ఎండ బయట మండిపోతున్నా స్వెటరు వేసుకున్నారు, పైన చలిగా ఉంటుందని ఎవరో చెప్పారట.

ఆ ఎండే కొంప ముంచింది. బాగా వేడెక్కిన గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు దొరకదు. మా రన్‌వే చూస్తే పొట్టిది. పైగా అవతలి ఊళ్ళో మబ్బులు కమ్ముకున్నాయని, అక్కడ దిగలేకపోతే ఇంకో ఊరికి పోవడానికి సరిపడా ఇంధనం ఎక్కువ పోయించమన్నాడు కెప్టెన్. ఇంధనం పెరిగితే బరువు పెరుగుతుంది. బరువుకు హద్దుంది. అప్పుడు సీట్లెన్ని ఖాళీ ఉన్నా లాభం లేదు, కుర్చీ ఉంటుంది గాని మనిషిని మోసే బరువు మిగలదు. ఈ సంగతి కౌంటరు పిల్ల ఫోనులో వింటుండగా ఆమె మొహంలోనే చదివేశాను. ఆ ఫోను అవతలి చివర కొన్నేళ్ళు కూర్చున్నవాణ్ణి నేనే.

"ఏమైంది?" అన్నారు మా అత్తగారు.

చెప్పాను. ఆవిడ పెదవి విరిచారు.

"లెక్కలు కట్టేది నువ్వు నేర్పిన పిల్లేగా? వెళ్ళి ఒక్క మాటడుగు."

"నేర్పినందుకే అడగలేను అత్తయ్యగారూ. ఎవరొచ్చి తలుపు కొట్టినా లెక్క మార్చొద్దని చెప్పింది నేనే."

"బాగుంది. అది దించేసింది, నువ్వు ఎక్కించవు. దొందూ దొందే. ఏరి కోరి ఇలాంటి అల్లుణ్ణి తెచ్చుకున్నాను చూడు."

ఈ తిట్లేవీ ఆవిడ కోపంగా అనలేదు. అది నాకింకా కష్టంగా ఉంది. ఆ వెనకగదికి పోయే దారి, తలుపు, లోపల టీ కెటిలు ఉండే మూల అన్నీ నాకు తెలుసు. లేవకుండా ఉండటానికి కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

ఆ తలుపు తీసుకుని, లెక్కలు కట్టే ఆ అమ్మాయే బయటికి వచ్చింది. ఆఫీసులో అందరూ తనని త్రాసు అంటారు. అది నా పేరే, రిటైరవుతూ తనకు వదిలేసి వచ్చాను. ఫోనులో చెప్పించి ఊరుకోవచ్చు. కాని ఆ మాట ఎదురుగా నిలబడి చెప్పాలని వచ్చింది.

"సార్, ఎంత లాగినా యాభై కిలోలే మిగిలాయి. మనిషికి డెబ్బై అయిదు వేయాలి కదా. ఒక్కరికి కూడా చాలడం లేదు. క్షమించండి మామ్మగారూ."

మా అత్తగారు తల పైకెత్తారు. "ఎవరికి డెబ్బై అయిదు?"

"పెద్దవాళ్ళందరికీ అంతే మామ్మగారూ. సగటు లెక్క."

"నన్ను చూసే అంటున్నావా ఆ మాట?"

"మిమ్మల్నని కాదండీ, అందరికీ..."

"నా జన్మలో డెబ్బై అయిదు లేను. రెండు కాన్పులప్పుడు కూడా లేను. అడుగు మీ సార్ని."

"నన్నెలా అడుగుతుంది అత్తయ్యగారూ," అన్నాను.

అప్పటికే ఆవిడ లేచారు. కౌంటరు పక్కన సామాను తూచే రేకుపలక ఉంది కదా, ఆవిడ చేతిసంచితో సహా దాని మీదికెక్కి నిలబడ్డారు. కౌంటరు పిల్ల నోరు తెరిచింది. వెనక నిచ్చెన మీద పనివాడు ఫొటో పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"ఎంత వచ్చింది? గట్టిగా చెప్పు, సిగ్గేం లేదు."

"నలభై నాలుగు," అంది కౌంటరు పిల్ల.

"చెప్పులతోనా?"

"చెప్పులతో, సంచితో, స్వెటరుతో."

మా కంపెనీ పుట్టిన కొత్తలో ప్రయాణికులందరినీ ఇలాగే తూచేవారని మా పాత బాసు చెప్పేవాడు. కొంచెం లావుగా ఉన్నవాళ్ళు ఇబ్బంది పడతారని ముల్లు కౌంటరు వైపుకే కనబడేలా తిప్పి పెట్టేవారట. పెద్ద విమానాలొచ్చాక మనుషులెక్కువై సగటు లెక్క మొదలైంది. వందమందిలో లావూ సన్నమూ కలిసి సరిపోతాయి. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికే అది సరిపోదు.

త్రాసు ఆ అంకెల వైపు చూస్తూ పెదవి కొరుక్కుంది. లెక్క కడుతోందని అర్థమైంది.

"సార్, అసలు బరువు తూచి వేయొచ్చని పుస్తకంలో ఉంది. మనం ఎప్పుడూ చేయలేదంతే. చేయమంటారా?"

ఆ ప్రశ్న నేను వినకూడదనుకున్న ప్రశ్న. నోటిదాకా వచ్చిన మాటను మింగి, "నన్నడగకమ్మా. నేను ఆవిడ అల్లుణ్ణి. విమానం కెప్టెన్‌ది, లెక్క నీది," అన్నాను.

ఆ పిల్ల తలాడించి, చేతిలోని వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కంపెనీ పాసు మీద ఒక పెద్దావిడ, సగటు వేస్తే చోటు లేదు, తూస్తే ఇంత, మీకు సమ్మతమైతే ఆ బరువే రాస్తాను. అటునుంచి కాసేపు గరగర తప్ప ఏమీ లేదు. మా అత్తగారు పలక మీదే నిలబడి ఉన్నారు, దిగితే బరువు పెరుగుతుందేమో అన్నట్టు.

"ఆవిడ భోంచేసి వచ్చారా?" అన్నాడు కెప్టెన్.

"చేశాను నాయనా," అన్నారు మా అత్తగారు వాకీటాకీ వైపు వంగి, గట్టిగా.

"అయితే సరే. తూచిందే వేయండి. పంపించండి."

కౌంటరు పిల్ల చప్పట్లు కొట్టబోయి, చేతులు ముడుచుకుంది. త్రాసు మాత్రం ఇంకా నవ్వలేదు. "మామ్మగారూ, ఒక్కమాట. మీరొక్కరే. సార్ రావడానికి కుదరదు, మీ పెట్టె కూడా."

అక్కడ ఆవిడ మొహం మారింది. ఇంతవరకు ఎక్కనిస్తారా లేదా అన్నదే ఆవిడ చింత. ఒక్కరే ఎక్కాలన్నది ఆవిడ లెక్కలోనే లేదు. పలక దిగి, నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించారు.

"ఒక్కదాన్నా?"

"వద్దనుకుంటే ఇంటికి పోదాం అత్తయ్యగారూ. ఎవరూ ఏమనుకోరు."

"అక్కడ దిగాక?"

"చిన్నమ్మాయికి ఇప్పుడే ఫోను చేస్తాను. గేటు దగ్గరే ఉంటుంది."

"మధ్యలో భయమేస్తే?"

"పక్కనున్నవాళ్ళతో మాట్లాడండి. మీకది చేతనవుతుంది."

ఆవిడ అద్దంలోంచి బయటికి చూశారు. విమానం ఎండలో నిలబడి ఉంది, తోక మీద రంగు వెలిసిన జెండా. మెట్లబండిని అప్పుడే తోసుకొస్తున్నారు. నేను ఆవిడ వద్దంటారనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంత అలాగే కోరుకున్నాను కూడా. నా భార్య పోయాక ఆవిడ ఒక్కరే ఎక్కడికీ వెళ్ళలేదు, నేను ఒక్కణ్ణే ఇంట్లో పడుకోలేదు.

"నీ తిండి మాటేమిటి?" అన్నారు చివరికి.

"వండుకుంటాను."

"మాడ్చుకుంటావు." నిట్టూర్చి, పెట్టెలోంచి ఏదో తీసి చేతిసంచిలో పెట్టుకోబోయారు.

"మామ్మగారూ, మామ్మగారూ! అందులో ఇంకేమీ పెట్టకండి, మళ్ళీ తూచాలి," అంది త్రాసు.

"నీళ్ళసీసా తీసేస్తే?"

"తీసేయండి, లోపల ఇస్తారు."

"ఇదిగో, పట్టుకో. ఇంకో అరకిలో తగ్గాను. రాసుకో."

అప్పుడు నవ్వింది ఆ పిల్ల.

ఆవిడ భద్రతా తనిఖీ దాటుతుండగా, చక్రాల పెట్టె లాక్కుంటూ ఒకాయన చెమటలు కక్కుతూ కౌంటరు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. అవతల మా అత్తగారు ఆ పెట్టె చప్పుడు విని ఠక్కున వెనక్కి తిరిగారు. ఆయనకు కావలసింది వేరే కంపెనీ విమానం, అది పక్క హాల్లో. కౌంటరు పిల్ల చెయ్యెత్తి దారి చూపించింది, ఎంత ఉత్సాహంగానంటే ఆయన దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. మా అత్తగారు నావైపు చూడకుండా గబగబా లోపలికి నడిచారు.

త్రాసు నన్ను వెనకగదిలోకి పిలిచి టీ ఇచ్చింది. ఆ కిటికీలోంచి రన్‌వే చివర కనిపిస్తుంది. మెట్ల దగ్గర నిలబడ్డ స్టీవర్డు ఒకడు రెండు మెట్లు కిందికి దిగి ఆవిడకు చెయ్యి అందించాడు. ఆవిడ సంచి ఇవ్వలేదు, చెయ్యి మాత్రం పట్టుకున్నారు. తలుపు మూశారు. మెట్లబండి పక్కకు జరిగింది.

"రేపటినుంచి లెక్కలన్నీ వాళ్ళ పెద్దాఫీసులోనే కడతారట సార్. ఇక్కడ ఈ గది ఉండదు," అంది ఆ పిల్ల కిటికీ వైపు చూస్తూనే.

"నిన్ను?"

"నన్ను రమ్మంటున్నారు. ఊరు మారాలి. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

కప్పు కడిగి బోర్లించాను. విమానం పరుగందుకుంది. ఎండలో ఎప్పుడూ ఆలస్యంగానే లేస్తుంది, తెలిసి కూడా నేను ముందుకు వంగాను, నేను ఎత్తితే గాని లేవదన్నట్టు. లేచింది. చక్రాలు లోపలికి ముడుచుకున్నాయి. ఆ పిల్ల కాగితం మీద ఏదో గీత గీసి, కలం మూత పెట్టి, "బాగానే ఎక్కింది సార్," అంది. పని మాట అన్నట్టే అంది. ఆ మాట అలాగే అనాలని నేర్పింది కూడా నేనే.

మా అత్తగారి పెట్టె పట్టుకుని బస్సులో ఇంటికొచ్చాను. కండక్టరు పెట్టెకు టికెట్ అడగలేదు. అన్నం వండుకున్నాను, నిజంగానే మాడలేదు. పెట్టెలోని ఆవిడ మందులు తీసి, ఏవేవి ఎప్పుడు వేసుకోవాలో మరదలికి ఫోనులో చెప్పాలని బల్లమీద వరసగా పెట్టాను. అక్కడ మందులషాపులో దొరికేవే అన్నీ.

చీకటి పడుతుండగా ఫోను మోగింది. మా అత్తగారే.

"చేరాను నాయనా. మబ్బులు ఏమంత బాగోలేవు, ఉతకని దుప్పటిలా ఉన్నాయి. పక్కన ఒకాయన కూర్చున్నాడు, పాపం వాళ్ళావిడకు మోకాళ్ళ నొప్పులట. ఏ నూనె రాయాలో చెప్పాను."

"భయమేసిందా?"

"పైకెళ్ళాక ఏం భయం. తలుపు వేసేదాకానే. ఎవరు లోపలికొచ్చినా నాకోసమే వచ్చారనుకున్నాను. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాను, లాగినా లేవకుండా. ఎవరూ రాలేదు."

"మరి ఎలా ఉందండీ, సీటు?"

"మెత్తగానే ఉంది," అన్నారు. "మెత్తగానే ఉంది నాయనా. ఇంకాసేపు కూర్చోవలసింది. దిగమంటే దిగబుద్ధి కాలేదు. ఆ స్టీవర్డు కుర్రాడే వచ్చి, అమ్మగారూ ఊరొచ్చింది అన్నాడు."

తరువాత మరదలు ఫోనందుకుంది. ఏయే మందులో చెప్పాను, రాసుకుంది. మబ్బులవల్ల అక్కడ రెండు చుట్లు తిరిగి దిగారట. గేటు దగ్గర ఈవిడ అందరికంటే ఆఖర్న వచ్చిందట, సిబ్బంది అందరికీ చెప్పి రావాలి కదా అని.

"అత్తయ్యగారు ఏం చేస్తున్నారు ఇప్పుడు?" అన్నాను.

"ఉండండి బావగారూ, చూస్తాను." చెప్పుల చప్పుడు, తరువాత నిశ్శబ్దం. మళ్ళీ మాట్లాడేసరికి మరదలి గొంతు గుసగుసలోకి దిగింది. "భోంచేసి ఇలా ఒరిగిందో లేదో నిద్ర పట్టేసింది. స్వెటరు కూడా విప్పలేదు. లేపనా?"

"వద్దు, వద్దు. పడుకోనీ."

"సరే, దీపం తీసేస్తున్నాను," అంది. ఫోనులోంచి తలుపు మెల్లగా దగ్గరికి లాగిన చప్పుడు వినబడింది.